వాన వెలిసినా మెట్టు ఆరడం లేదా? ముందు వాటం (వాలు) చూడండి

మా ఇంటి బయటి మెట్లలో రెండోది వాన వెలిసిన మర్నాటికి కూడా ఆరేది కాదు. ఓ మేస్త్రీని పిలిస్తే సిమెంటు పాలు పోసి, బ్రష్షుతో పులిమి వెళ్లాడు. ఎండాకాలం వచ్చేసరికి ఆ పూత అప్పడంలా పైకి లేచి, చీపురు తగలగానే ఊడొచ్చింది.

కాబట్టి సిమెంటు కలిపే ముందు ఒక చెంబు నీళ్లు మెట్టు మీద పోయండి. పది నిమిషాలాగి, నిలిచిన నీళ్ల చుట్టూ సుద్దముక్కతో గీయండి. ఆరాక అక్కడ సుత్తితో మెల్లగా తట్టండి. డొల్ల శబ్దం వస్తే పైపొర విడిపోయినట్టే.

సమస్య: మధ్యలో కంచమంత గుంట
కారణం: కాంక్రీటు పోసిన రోజు చదును చేసే బద్దతో సరిగా లాగకపోవడం. లేదంటే కాంక్రీటులో నీళ్లు ఎక్కువై పైపొర అరిగిపోవడం.
పరిష్కారం: పని అంతా చెక్కడంలోనే ఉంది. గుంట అంచులు పల్చగా వదలకండి, మొదట లేచేది అక్కడే. గ్రైండరుతో చుట్టూ నిలువుగా కోసి, కనీసం 10 మిల్లీమీటర్ల లోతుకు ఉలితో గరుకుగా చెక్కండి. దుమ్ము పోయేదాకా కడిగి, రాత్రంతా తడిపి ఉంచండి. మర్నాడు లోపల తడి ఉండాలి, పైన నీళ్లు నిలవకూడదు. లేటెక్స్ (పట్టు పెంచే పాలలాంటి ద్రవం) కలిపిన సిమెంటు పాలు రాసి, అవి ఆరకముందే 1:3 పాళ్లలో సిమెంటు, ఇసుక మాలు గట్టిగా అదిమి నింపండి. గోనె సంచులు కప్పి 7 రోజులు తడపండి.

సమస్య: నీళ్లు వెనక్కి, పై మెట్టు మొదట్లోకి చేరుతున్నాయి
కారణం: వాటం తిరగబడింది. అడుగు వెడల్పు మెట్టుకు ముందు అంచు వైపు పావు అంగుళం వాటం చాలు.
పరిష్కారం: ఇంటి గోడకూ మెట్లకూ మధ్య సందు విచ్చుకుని ఉంటే కింద మట్టి కుంగుతోందన్నమాట. అది ఆగేదాకా పైన ఏం వేసినా డబ్బు దండగే. సందు లేకపోతే పాత పైపొర చెక్కి, వెనక కాస్త మందంగా కొత్త పొర వేయించండి. ఒక్క మెట్టుకే వేస్తే ఎత్తు తేడా వచ్చి చీకట్లో కాలు తడబడుతుంది. అన్నిటికీ వేస్తే కింది మెట్టు ఎత్తు పెరిగి, గుమ్మం దగ్గరిది తగ్గుతుంది. ముందే కొలుచుకోండి.

సమస్య: నీళ్లు ముందు అంచు దగ్గరే ఆగుతున్నాయి
కారణం: జారకుండా అతికించిన పట్టీ కట్టలా అడ్డుపడుతోంది.
పరిష్కారం: పట్టీని రెండు చోట్ల వేలెడు మేర కోస్తే సరి. అరగంట పని.

సమస్య: తుప్పు మరక, దాని వెంబడే పగులు
కారణం: లోపలి కడ్డీకి తడి తగులుతోంది.
పరిష్కారం: పైన పూత పూస్తే లోపల తుప్పు ఆగదు. కడ్డీ బయటపడేదాకా చెక్కి, వైరు బ్రష్షుతో రుద్ది, తుప్పు నిరోధక పూత వేశాకే మాలు నింపాలి. కడ్డీ బాగా సన్నబడి ఉంటే ఇంజనీరుకు చూపించండి.

పాచికి బ్లీచింగ్ పౌడరు పనిచేస్తుంది కానీ, కడ్డీ బయటపడిన చోట చల్లకండి, తుప్పు ఇంకా పెరుగుతుంది. దాంతో పాటు బాత్రూం యాసిడ్ అసలు పోయకండి. వచ్చే వాయువు విషం.