తుఫాను లెక్కలు, 3వ పాఠం: వాయుగుండం ఎక్కడిదాకా బలపడుద్ది?

పోయిన పాఠంలో తుఫాను ఎటు పోతుందో చూడటం నేర్చుకున్నాం కదా, నిజం చెప్పాలంటే అది తేలిక. ఎంత బలపడుద్ది అనేదే అసలు తలనొప్పి, పెద్ద పెద్ద కంప్యూటర్ మోడల్స్ కూడా ఇక్కడే బోర్లా పడతాయి. అందుకే ఈ పాఠం కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

ముందు మెట్లు గుర్తు చేసుకుందాం. గాలి గంటకి 31 కిలోమీటర్లు ఉంటే వాయుగుండం, 50 నుంచి తీవ్ర వాయుగుండం, 62కి వస్తే తుఫాను, పేరు పెట్టేది అప్పుడే. 89కి తీవ్ర తుఫాను, 118కి అతి తీవ్ర తుఫాను, ఆ పైన 166 దగ్గర ఇంకో మెట్టు, 221 అయితే సూపర్ సైక్లోన్. టీవీలో అల్పపీడనం దగ్గర్నుంచే తుఫాను తుఫాను అని అరుస్తారు, వదిలేయండి.

ఇప్పుడు అసలు సంగతి. అందరూ చెప్పేది ఏంటంటే సముద్రం వేడిగా ఉంటే, అంటే 26.5 డిగ్రీలు దాటితే తుఫాను బలపడుద్ది అని. తప్పు కాదు గానీ ఆ ఒక్క ముక్క పట్టుకుంటే మోసపోతాం. జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతం ఎంత వేడిగా ఉంటుందో మీకు తెలుసు, అల్పపీడనాలు కూడా ఒకదాని వెనక ఒకటి పడుతూనే ఉంటాయి, మరి తుఫాన్లు అయ్యేవి చాలా అరుదు ఎందుకు? షియర్ వల్ల, అంటే కింది గాలికీ పై గాలికీ దిశలో, వేగంలో ఉండే తేడా. రుతుపవనాల టైంలో కింద గాలి పడమర నుంచి వీస్తే, పైన పన్నెండు పద్నాలుగు కిలోమీటర్ల ఎత్తులో తూర్పు నుంచి గట్టిగా వీస్తది. తుఫాను అంటే ఒక గోపురం అనుకోండి, కింది అంతస్తుని ఒకళ్ళు ఇటు, పై అంతస్తుని ఇంకొకళ్ళు అటు లాగుతుంటే అది నిలబడుద్దా? మన దగ్గర పెద్ద తుఫాన్లు ఎక్కువగా రుతుపవనాలకి ముందు మే నెలలోనో, తర్వాత అక్టోబర్, నవంబర్లలోనో రావడానికి పెద్ద కారణం ఇదే. షియర్ 10 నాట్ల (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) లోపు ఉంటే తుఫానుకి పండగ, 20 దాటితే కష్టాలు మొదలు. గట్టి రూల్ కాదు, చేతి లెక్క.

రెండోది, నీళ్ళ వేడి పైపైన ఉంటే చాలదు, లోతుగా ఉండాలి. తుఫాను సముద్రాన్ని చిలుకుద్ది, కింద చల్లనీళ్ళు దగ్గర్లోనే ఉంటే అవి పైకొచ్చి దాని పొయ్యి అదే ఆర్పుకుంటది. అందుకని ఉపరితల ఉష్ణోగ్రత మ్యాప్ ఒక్కటే చూసి ఆగకండి, సముద్రంలో లోతుదాకా దాగున్న వేడి మ్యాప్ కూడా చూడండి, హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్ళు ఇస్తారు.

మూడోది పొడిగాలి. ఇది నవంబర్, డిసెంబర్లలో ఎక్కువ, ఉత్తరాది నుంచి దిగి తుఫాను కడుపులోకి దూరిందంటే మేఘాలు ఎండిపోతాయి.

ఈ మూడూ కలిస్తే ఏమవుద్దో చూడాలంటే 2013 నవంబర్‌లో వచ్చిన లెహర్‌ని చూడండి. సముద్రం మీద అతి తీవ్ర తుఫాను అయింది, గాలి 140 దాకా పోయింది, కోస్తా అంతా వణికింది. 28న మచిలీపట్నం దగ్గర తీరం దాటేసరికి వట్టి వాయుగుండం! షియర్, నీళ్ళలో వేడి తగ్గడం, పొడిగాలి, అన్నీ కలిసి రెండు రోజుల్లో పీల్చేశాయి. దానికి తిరగేసి 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, అది తీరం దగ్గరకొచ్చే దాకా బలపడుతూనే ఉంది, సుమారు 185 కిలోమీటర్ల గాలితో విశాఖని ఏం చేసిందో చెప్పక్కర్లేదు. సముద్రం అదే, నెలన్నర తేడా సీజన్, ఫలితం చూడండి ఎంత తేడానో.

శాటిలైట్ బొమ్మలో ఇవన్నీ కంటికి కనపడతాయి, అలవాటు చేసుకోండి. సుడి ఒక చోట, మేఘాల ముద్ద ఇంకో చోట పక్కకి నెట్టినట్టు ఉంటే షియర్ తినేస్తోందని అర్థం. మేఘం గుండ్రంగా సుడి నెత్తిమీదే కూర్చుని, పైన సన్నటి పొరలు విసనకర్రలా అన్ని వైపులా విచ్చుకుంటుంటే జాగ్రత్త, అది బలపడే మొహం. ఈ బొమ్మల్ని నంబర్లలోకి మార్చే పద్ధతి 1970ల్లో డ్వోరాక్ అనే ఆయన తయారుచేశాడు, వాతావరణ శాఖ బులెటిన్లో టీ 2.5 అని కనపడేది అదే. టీ 2.5 అంటే తుఫాను, 4 అంటే అతి తీవ్ర తుఫాను.

అన్నీ చూసినా ఒక్కోసారి దెబ్బ తగులుద్ది. 2023 అక్టోబర్‌లో మెక్సికోలో ఓటిస్ అని, ముందురోజు మామూలు తుఫానులా ఉన్నది తెల్లారేసరికి అకాపుల్కో మీద కేటగిరీ 5గా, అంటే అమెరికా వాళ్ళ కొలతలో అన్నిటికంటే పై మెట్టుగా, పడింది. 24 గంటల్లో గాలి 30 నాట్లు పెరిగితే దాన్ని వేగంగా బలపడటం అంటారు, ఇది దానికి సుమారు మూడు రెట్లు. అందుకే ఒక్క నంబర్ చెప్పకండి, ఇంత నుంచి ఇంత అని చెప్పండి.

ఇంక లెక్క. మన వాతావరణ శాఖ వాడే సూత్రం ఒకటుంది, బయటి పీడనంలోంచి మధ్యలో పీడనం తీసేసి, వర్గమూలం కట్టి, 14.2తో గుణిస్తే గాలి నాట్లలో వస్తది. హుద్‌హుద్ మధ్యలో పీడనం 950 మిల్లీబార్లు, బయట 1004 అనుకుంటే తేడా 54, వర్గమూలం 7.35, గుణిస్తే 104 నాట్లు. శాఖ చెప్పింది 100, దగ్గరగానే వచ్చింది కదా. నాట్లని 1.85తో గుణిస్తే కిలోమీటర్లు.

హోంవర్క్: బయట 1004, మధ్యలో 979. గాలి ఎంత, ఏ మెట్టు? దాంతోపాటు ఈ తుఫాను ముందు షియర్ 25 నాట్లుంది, నీళ్ళు మాత్రం వేడిగా లోతుగా ఉన్నాయి, రేపటికి పెరుగుద్దా తగ్గుద్దా మీ అంచనా రాసిపెట్టుకోండి, పెన్నుతో రాయండి, తర్వాత దిద్దుకోకుండా. జవాబు 4వ పాఠం మొదట్లో.