పరిచయం లేని కొనుగోలుదారుకు ఈమెయిల్ రాయడం ఎలా?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో బరంపురంలోనో మీకు జీడిపప్పు కార్ఖానా ఉందనుకుందాం. విశాఖపట్నంలోని మిఠాయి తయారీ సంస్థకు సరుకు అమ్మాలి. అక్కడ మీరెవరో తెలియదు.

ముందు ఆ సంస్థకు ఫోను చేసి, ముడిసరుకు కొనేది ఎవరో కనుక్కోండి. అందరికీ ఉద్దేశించిన చిరునామాకు పంపిన మెయిల్ గతి ఎవరికైనా తెలిసిందే.

తర్వాత, వాళ్లకు ఏ సరుకు కావాలో ఆలోచించండి. చాలామంది తడబడేది ఇక్కడే. 240 గ్రేడు అంటే పౌండుకు (సుమారు 454 గ్రాములకు) 220 నుంచి 240 గుండ్లు, అంటే విరగని పప్పులు; 320 అంటే 300 నుంచి 320. సంఖ్య తగ్గేకొద్దీ గుండు పెద్దది, ధర ఎక్కువ. కానీ కాజూ కత్లీకి పప్పును ఎలాగూ పొడి చేస్తారు. అలాంటి వారికి 240 గుండ్ల గొప్ప చెప్పి ఏం లాభం? బద్దలో, ముక్కలో చూపండి. గుండ్లను కానుక పెట్టెలు అమ్మేవారికి దాచుకోండి.

మెయిల్ శీర్షికలో 'వ్యాపార ప్రతిపాదన' అని రాయకండి. 'కాజూ కత్లీకి జీడిపప్పు ముక్కలు, 10 కిలోల టిన్నులు' అంటే విషయం తెరవకముందే తెలిసిపోతుంది. లోపల ఇంత చాలు:

'నమస్కారమండి. మాది పర్లాకిమిడిలో జీడిపప్పు కార్ఖానా. మీరు కాజూ కత్లీ తయారు చేస్తారని తెలిసి రాస్తున్నాను. మా ముక్కల్లో తేమ 5 శాతం లోపే ఉంటుంది. ధర, అది ఏ తేదీ వరకు వర్తిస్తుందో కింద రాశాను. అరకిలో నమూనా ఏ చిరునామాకు పంపమంటారు?'

తేమ సంఖ్య పరీక్షలో తేలినదైతేనే రాయండి. ధర దాచవద్దని నా అభిప్రాయం. అడిగించుకుంటే బేరం పెరగదు, జవాబు ఆలస్యమవుతుంది. రవాణా ఖర్చు అందులో కలిసిందో లేదో చెప్పండి. సరుకు రాష్ట్రం దాటుతుంది కనుక ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాలపై వేసే జీఎస్టీ) పడుతుంది, విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) కావాలి. సంతకం కింద జీఎస్టీ సంఖ్య, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు సంఖ్య ఉంచండి. బరువైన కరపత్రాలు జతచేయకండి, ఒక ఫొటో సరిపోతుంది.

జవాబు రాకపోతే వారం తర్వాత అదే మెయిల్‌కు కొనసాగింపుగా మరోసారి రాయండి. 'నా మెయిల్ చూశారా' అని కాదు, కొత్త ధరో కొత్త సరుకో చెప్పండి. అప్పటికీ పలకకపోతే దసరా, దీపావళి కొనుగోళ్లకు ముందు మళ్లీ ప్రయత్నించండి. నమూనా అడిగితే మాత్రం ఏరిన మేలురకం పంపకండి. సరఫరా చేయబోయే సరుకులోంచే తీసి, లాటు సంఖ్య రాసి పంపండి.