కాటా లేకుండా కేకు కొలతలు ఎలా?

240 మి.లీ. కొలత కప్పు, 5 మి.లీ. టీస్పూన్, 15 మి.లీ. టేబుల్ స్పూన్, ఒక చెంచా, ఒక చాకు. ఇంతే. టీ తాగే కప్పూ, వడ్డించే గరిటే కొలతలు కావు. వంటకం ఎక్కడిదో మాత్రం చూసుకోండి: కొన్నిచోట్ల కప్పంటే 250 మి.లీ., ఆస్ట్రేలియాలో టేబుల్ స్పూన్ అంటే 20 మి.లీ.

పాలూ నీళ్లూ కొలిచేటప్పుడు కప్పుని బల్ల మీద పెట్టి, వంగి గీతకి సూటిగా చూడండి. చక్కెరని ముంచి తీసి అంచుకి గీసేస్తే సరి, కప్పుకి 200 గ్రాములు వస్తుంది. బ్రౌన్ షుగర్‌ని అదిమి నింపాలి.

ఇక మైదా. కేకు పాడయ్యేది ఇక్కడే, నింద మాత్రం ఒవెన్ మీద పడుతుంది. డబ్బాలో మైదా దాని బరువుకి అదే అణిగి ఉంటుంది. అందులో కప్పు ముంచి లాగితే 150 గ్రాముల దాకా వస్తుంది. రావలసింది 120, మహా అయితే 125. రెండు కప్పుల కేకులో దాదాపు అరకప్పు మైదా ఎక్కువ పడిందన్నమాట. కేకు పిడచ కట్టుకుపోయిందంటే కట్టుకుపోదూ మరి!

ముందు డబ్బాలోనే చెంచాతో మైదాని బాగా కదిపి గుల్ల చేయండి. తర్వాత చెంచాతో కొద్దికొద్దిగా కప్పులోకి రాల్చండి, అంచు దాటి పొంగేదాకా. ఈలోగా కప్పుని తట్టొద్దు, కుదపొద్దు, చెంచాతో నొక్కొద్దు. ఒక్కసారి తట్టి చూడండి, మైదా చటుక్కున కిందకి దిగి పైన ఖాళీ కనిపిస్తుంది. చెయ్యి ఊరుకోదు, ఆ ఖాళీని నింపేస్తుంది. ఎక్కువ పడేది అప్పుడే. నిండాక చాకు వీపుతో ఒక్క గీతలో పైది తోసేయండి.

‘జల్లించిన మైదా 2 కప్పులు’ అని ఉంటే జల్లించాకే కొలవాలి. ‘2 కప్పుల మైదా, జల్లించాలి’ అంటే కొలిచాక జల్లించాలి. టేబుల్ స్పూన్లు లెక్కపెట్టి కప్పు నింపే పద్ధతి నేను ఒప్పుకోను. కప్పుకి 16 స్పూన్లు, అంటే తప్పు జరగడానికి 16 అవకాశాలు.

గట్టి వెన్నకి నీళ్ల పద్ధతే పద్ధతి. అరకప్పు కావాలంటే కప్పులో సగానికి చన్నీళ్లు పోసి, నీళ్లు పూర్తి కప్పు గీత తాకేదాకా వెన్నముక్కలు వేయండి. వెన్న తేలుతుంది, చెంచా కొనతో ముంచి పట్టుకుని చూడాలి. తర్వాత నీళ్లు వంపేసి తడి అద్దండి.

బేకింగ్ సోడా టీస్పూన్‌ని కూడా అంచుకి గీయండి. గోపురంలా తీస్తే కేకు సబ్బు రుచి కొడుతుంది.