మారథాన్ తర్వాతి వారంలో మళ్ళీ పరుగు మొదలుపెట్టేవారికి జాగ్రత్తలు

హైదరాబాద్ మారథాన్ సాధారణంగా ఆగస్టు నెలాఖరులో, వానలూ ఉక్కపోతా కలిసి ఉండే రోజుల్లో జరుగుతుంది. దానికి మూడు నాలుగు నెలల ముందు నుంచే ఏ రోజు ఎంత దూరం పరిగెత్తాలో, ఏం తినాలో, ఎన్ని గంటలు నిద్రపోవాలో రాసిపెట్టుకుని తు.చ. తప్పకుండా పాటించేవారిలో కూడా చాలామంది, మెడల్ అందుకున్న మరునాటి నుంచి ఏం చేయాలన్నది ఆలోచించి ఉండరు. ఆ ఏడు రోజుల ప్రణాళికను కూడా రేసుకు ముందే రాసి పెట్టుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే, ఆ వారంలో నొప్పిని మాత్రమే చూసి నిర్ణయాలు తీసుకుంటే పొరపాటు జరిగే అవకాశం ఎక్కువ.

కండరాల నొప్పి సాధారణంగా రేసు ముగిసిన 24 గంటల నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరి, ఆ తర్వాత త్వరగా తగ్గిపోతుంది. ఆదివారం పరిగెత్తినవారు మంగళవారం మెట్లు దిగడానికి గోడ పట్టుకుంటారు, గురువారానికి తేలికపడతారు, శుక్రవారం ఉదయానికి షూ వేసుకోవాలనిపిస్తుంది. అయితే నొప్పి తగ్గడం వేరు, కండరం మానడం వేరు. దెబ్బతిన్న కండర కణాల నుంచి రక్తంలోకి చేరే క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైమ్ ఫుల్ మారథాన్ (సుమారు 42 కిలోమీటర్లు, అంటే 26 మైళ్ళు) తర్వాత చాలామందిలో వారం దాకా, కొందరిలో ఇంకా ఎక్కువ రోజులు హెచ్చుగానే ఉంటుంది. కండరాన్ని ఎముకకు కలిపి ఉంచే టెండన్లకు రక్తప్రసరణ తక్కువ కాబట్టి అవి మరింత నెమ్మదిగా కోలుకుంటాయి. అలసిన కండరం అడుగు పడినప్పుడు పుట్టే అదురును పూర్తిగా మోయలేనప్పుడు ఆ భారం కాలి ఎముక మీదా, మోకాలి మీదా, మడమ వెనకనున్న టెండన్ మీదా పడుతుంది. అందువల్ల ఈ వారంలో నేను ఎక్కువగా భయపడేది నొప్పితో కదలలేని సోమ, మంగళవారాల గురించి కాదు. నొప్పి పోయిన గురు, శుక్రవారాల గురించి.

హైదరాబాద్ దారిలో పరిగెత్తినవారికి ఇది మరింతగా వర్తిస్తుంది. ఇక్కడి ఫ్లైఓవర్లనూ ఎత్తుపల్లాలనూ ఎక్కేటప్పుడు ఊపిరి అందదు కాబట్టి ఆ కష్టం అప్పటికప్పుడే తెలుస్తుంది. కానీ తొడ ముందుభాగపు కండరాలకు ఎక్కువ దెబ్బ తగిలేది దిగేటప్పుడు. పల్లంలో వేసే ప్రతి అడుగులోనూ ఆ కండరం బిగుసుకుంటూనే సాగవలసి వస్తుంది, అటువంటి శ్రమలోనే దాని పోగులు ఎక్కువగా చిట్లుతాయి. చెన్నై వంటి చదునైన ఊళ్ళో అదే దూరం పరిగెత్తిన స్నేహితులు ఐదో రోజే పరుగు మొదలుపెట్టారని విని, మీరు కూడా అదే రోజు బయలుదేరవలసిన అవసరం లేదు.

రేసు ముగిసిన రోజు

గీత దాటగానే కూలబడకుండా పది పదిహేను నిమిషాలు మెల్లగా నడవాలి. ఉన్నట్టుండి ఆగిపోతే రక్తం కాళ్ళలోనే నిలిచిపోయి, రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. తడిసిన బట్టలు మార్చుకుని, గంట రెండు గంటల్లోపు ఇడ్లీ, ఉప్మా, గుడ్లు, అరటిపండు, పెరుగన్నం వంటివి కడుపుకు పట్టినంత తినాలి. కండరాల్లో ఖర్చయిపోయిన గ్లైకోజెన్ (పిండిపదార్థాల నుంచి తయారై కండరాల్లో నిల్వ ఉండే శక్తి) తిరిగి నిండడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది కాబట్టి, బరువు తగ్గాలన్న ఆలోచనతో ఆ మూడు రోజులూ అన్నం మానేయడం మంచిది కాదు.

నీళ్ళ విషయంలో రెండు వైపులా ప్రమాదం ఉంది. చెమట ధారగా కారిన రోజున నీళ్ళు తక్కువ తాగడం ఎంత చెడ్డదో, భయపడి లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్ళు తాగడం కూడా అంతే చెడ్డది. రెండో సందర్భంలో రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. దాహాన్ని బట్టి కొంచెం కొంచెంగా, ఉప్పు వేసిన మజ్జిగ గానీ ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం కలిపిన ఓఆర్ఎస్ గానీ తాగడం మేలు. రేసు తర్వాతి గంటల్లో తలనొప్పి పెరుగుతూ వాంతులు కావడం, మాట తడబడటం, తికమకగా మాట్లాడటం వంటివి కనిపిస్తే అది అలసట అనుకుని పడుకోబెట్టకూడదు, మరిన్ని నీళ్ళు పట్టించకూడదు. 108కి ఫోన్ చేసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

నొప్పి మాత్రలు

ఈ వారంలో అన్నిటికన్నా తేలికగా జరిగే తప్పు ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ వంటి మందులు మన ఊళ్ళలో మందుల షాపుకు వెళ్ళి అడిగితే చేతికి వస్తాయి. మారథాన్ పరిగెత్తిన శరీరంలో నీరు తగ్గి ఉంటుంది, మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గి ఉంటుంది, దెబ్బతిన్న కండరాల నుంచి వచ్చే వ్యర్థాలను వడపోసే అదనపు పని కూడా వాటి మీదే పడి ఉంటుంది. మూత్రపిండాల్లోకి రక్తం సరిగా అందేలా చూసే రసాయనాల తయారీని ఈ మాత్రలు అడ్డుకుంటాయి. కాబట్టి కనీసం మొదటి రెండు రోజులు వీటిని వేసుకోకపోవడం, నొప్పి భరించలేనిదిగా ఉంటే వైద్యుల సలహాతో తగిన మోతాదులో పారాసెటమాల్ వేసుకోవడం సురక్షితం. పారాసెటమాల్ అని ఇచ్చే కొన్ని మాత్రల్లో అసిక్లోఫెనాక్ కూడా కలిసి ఉంటుంది. స్ట్రిప్ వెనక రాసిన మందుల పేర్లు చదివాకే మింగాలి. నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్ చేయించుకుని మూడో రోజున పరిగెత్తడం గురించి చెప్పేదేముంది, అది ఎవరూ చేయకూడని పని.

మూత్రం రంగును మొదటి మూడు రోజులు గమనిస్తూ ఉండాలి. ముదురు పసుపు రంగు నీరు తక్కువైందని చెబుతుంది. కాఫీ డికాషన్ రంగులో వస్తున్నా, ఎనిమిది పది గంటలు దాటినా రాకపోయినా, తొడలు ఉబ్బి రాయిలా గట్టిపడినా కండరాలు తీవ్రంగా విచ్ఛిన్నమవుతున్నాయని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

వానాకాలపు జ్వరాలు

ఆగస్టు, సెప్టెంబర్ నెలలు తెలుగు రాష్ట్రాల్లో డెంగీ ముమ్మరంగా వ్యాపించే కాలం. ఒళ్ళు నొప్పులూ నీరసమూ రేసు వల్ల కూడా వస్తాయి, డెంగీ వల్ల కూడా వస్తాయి. ఈ పోలిక వల్లనే హైదరాబాద్ రన్నర్లు మరో నెలలో పరిగెత్తేవారి కంటే జాగ్రత్తగా ఉండాలి. రెండు మూడు రోజుల పాటు సాగే జ్వరం రేసు అలసట వల్ల రాదు. 101 డిగ్రీల జ్వరం, కళ్ళ వెనక నొప్పి, వాంతులు, ఒంటి మీద ఎర్రటి మచ్చలు వంటివి కనిపిస్తే రేసును కారణంగా చూపించి ఇంట్లో కూర్చోకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి సొంతంగా వేసుకోకూడదు, ఎందుకంటే అవి రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. గుండె జబ్బు కారణంగా రోజూ ఆస్పిరిన్ వాడుతున్నవారు మాత్రం దాన్ని ఆపాలా వద్దా అని తమ వైద్యులనే అడగాలి.

పరీక్షలు చేయించుకునేటప్పుడు, ఫలానా రోజున ఇంత దూరం పరిగెత్తానని వైద్యులకు ముందే చెప్పడం చాలా ముఖ్యం. కాలేయ పరీక్షలుగా మనకు పరిచయమైన ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలలో కొలిచే ఎంజైములు కండరాల్లో కూడా ఉంటాయి కాబట్టి మారథాన్ తర్వాత కొన్ని రోజులు అవి పెరిగి కనిపించవచ్చు. గుండెపోటును గుర్తించడానికి రక్తంలో కొలిచే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ కూడా ఒకటి రెండు రోజులు కొందరిలో స్వల్పంగా పెరుగుతుంది. ఈ సమాచారం లేకుండా రిపోర్టు చూసిన వైద్యులు వేరే దారిలో వెతకవలసి వస్తుంది. ఇదే కారణంతో, ఆఫీసు వారు ఏటా చేయించే ఆరోగ్య పరీక్షలను ఈ వారంలో కాకుండా రెండు వారాల తర్వాతకు మార్చుకోవడం మంచిది. అయితే ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వంటివి ఉన్నప్పుడు ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

కాలి బొబ్బలను చిదిమి పై చర్మాన్ని పీకేయకుండా, శుభ్రంగా కడిగి, పొడి గుడ్డ కట్టి ఉంచాలి. తెరుచుకున్న పుండుతో వాననీటి గుంటల్లో నడవకూడదు, ఎందుకంటే ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే లెప్టోస్పైరోసిస్ అటువంటి గాయాల్లోంచే ప్రవేశిస్తుంది. నల్లబడిన కాలిగోరును కత్తిరించి పీకనవసరం లేదు, అది తనంతట తానే ఊడి కొత్త గోరు వస్తుంది.

సోమవారం నుంచి బుధవారం దాకా

ఈ మూడు రోజులూ ఫుల్ మారథాన్ చేసినవారు గానీ హాఫ్ చేసినవారు గానీ పరిగెత్తకూడదు. రోజుకు ఒకటి రెండు సార్లు, పదిహేను ఇరవై నిమిషాల చొప్పున చదునైన చోట నడిస్తే చాలు. బాసింపట్టు వేసుకుని నేల మీద కూర్చోవడం, గొంతుక్కూర్చోవడం కష్టంగా ఉంటే బలవంతంగా ప్రయత్నించకుండా కుర్చీనే వాడుకోవాలి. నొప్పి ఉన్న కండరాన్ని గట్టిగా సాగదీయడం, మొదటి రెండు రోజుల్లో బలంగా మర్దన చేయించుకోవడం మానాలి. తేలికగా నిమిరినట్టు చేసే మర్దన వల్ల హాని లేదు. నిద్ర మాత్రం ఎనిమిది గంటలకు తగ్గకుండా చూసుకోవాలి, ఎందుకంటే మాంసకృత్తులతో కండరాన్ని సరిచేసుకునే పనికి నిద్ర తోడ్పడుతుంది. కిలో శరీర బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల మాంసకృత్తులు అందేలా పప్పు, పెరుగు, గుడ్లు, చేపలు, చికెన్, సోయా వంటివాటిని మూడు పూటలకూ పంచుకుని తినాలి.

రేసు రోజు రాత్రే బస్సెక్కి విశాఖపట్నమో తిరుపతో వెళ్ళేవారు చాలామంది ఉంటారు. ఒంట్లో నీరు తగ్గి, కండరాలు వాచి ఉన్నప్పుడు గంటల తరబడి కదలకుండా కూర్చుంటే కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. వీలైతే ప్రయాణాన్ని మరునాటికి వాయిదా వేసుకోవాలి. వీలుకాకపోతే బస్సు ఆగిన ప్రతిచోటా దిగి నడవాలి, సీట్లో కూర్చుని పాదాలను పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. రేసు నొప్పి సాధారణంగా రెండు కాళ్ళలోనూ ఉంటుంది. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా ఉండి, నొక్కితే నొప్పి పెడుతూ ఉంటే మర్దన చేయకుండా వైద్యులకు చూపించాలి.

మధుమేహానికి ఇన్సులిన్ గానీ చక్కెరను బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవారికి సుదీర్ఘమైన పరుగు తర్వాత ఒకటి రెండు రోజుల దాకా, ముఖ్యంగా రాత్రి నిద్రలో, చక్కెర పడిపోయే అవకాశం ఉంది. మోతాదు విషయం రేసుకు ముందే వైద్యులతో మాట్లాడుకుని, పడుకునే ముందు తప్పకుండా పరీక్ష చేసుకోవాలి.

కొన్ని సంవత్సరాల్లో వినాయక చవితి ఇదే వారంలో వస్తుంది. ఉపవాసం ఉండాలనుకున్నవారు కనీసం పాలు, పండ్లు, మజ్జిగ తీసుకోవాలి. నిమజ్జనం ఊరేగింపులో మూడు గంటలు గంతులు వేయడం కండరాలకు మరో రేసుతో సమానం కాబట్టి ఈ ఒక్కసారికి నడుస్తూ వెళ్ళడమే మేలు.

మొదటి పరుగు

తేదీని చూసి కాకుండా శరీరాన్ని పరీక్షించి మొదటి పరుగు నిర్ణయించుకోవాలి. రెయిలింగ్ పట్టుకోకుండా, పక్కకు తిరగకుండా రెండంతస్తుల మెట్లు మామూలుగా దిగగలగాలి. అరగంట వేగంగా నడిచినా కుంటు రాకూడదు. మోకాలి కింది ఎముక పొడవునా, పాదం పైన ఉన్న ఎముకల మీదా వేలితో నొక్కి చూసినప్పుడు ఏ ఒక్కచోటా సూదితో గుచ్చినట్టు నొప్పి ఉండకూడదు. అలా ఒకే బిందువు దగ్గర నొప్పి ఉంటే అది ఎముకలో పగులు కావచ్చు, దాని మీద పరిగెత్తితే ఆరు వారాల్లో మానేది ఆరు నెలలకు సాగవచ్చు. ఉదయం లేవగానే నాడి మీ మామూలు లెక్క కంటే నిమిషానికి ఎనిమిది పది సార్లు ఎక్కువగా కొట్టుకుంటున్నా, ఆకలి మందగించినా మరో రోజు ఆగాలి.

ఈ పరీక్షలన్నీ దాటిన హాఫ్ మారథాన్ రన్నర్లు గురు లేదా శుక్రవారం, ఫుల్ మారథాన్ రన్నర్లు శనివారం లేదా ఆ మరునాడు, ఇరవై నిమిషాల పాటు మెల్లగా పరిగెత్తవచ్చు. మొదటిసారి ఫుల్ చేసినవారూ, యాభై దాటినవారూ ఆ వారమంతా నడకతోనే గడిపితే మరీ మంచిది. వారం రోజుల విశ్రాంతి వల్ల నెలల శిక్షణలో సంపాదించిన దారుఢ్యం చెప్పుకోదగినంత తగ్గదు. పరుగు వేగం పక్కవారితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగేంత ఉండాలి. కేబీఆర్ పార్కు చుట్టూ ఉన్న ఎత్తుపల్లాల దారికీ ఫ్లైఓవర్లకీ ఈ వారం వెళ్ళవద్దు. నెక్లెస్ రోడ్డులోని చదును భాగమో, స్టేడియం ట్రాకో ఎంచుకోండి. రేసులో వాడిన కార్బన్ ప్లేట్ షూ (అడుగుభాగంలో గట్టి కార్బన్ పలక ఉండే రేసు షూ) కాకుండా రోజువారీ షూ వేసుకోండి. గుండె వేగాన్ని చూపే వాచీ ఉన్నవారు దాన్ని చూసి కంగారు పడనవసరం లేదు, ఈ రోజుల్లో అదే వేగానికి గుండె కొంచెం ఎక్కువగానే కొట్టుకుంటుంది. వేగాన్ని తగ్గించడమే దానికి పరిష్కారం. పరిగెత్తుతుండగా నొప్పి పెరుగుతూ పోతున్నా, నొప్పిని తప్పించుకోవడానికి నడక తీరు మారుతున్నా అక్కడే ఆగి, ఆటో ఎక్కి ఇంటికి రావాలి.

న్యూజిలాండ్ రన్నర్ జాక్ ఫోస్టర్ 1974 క్రైస్ట్‌చర్చ్ కామన్వెల్త్ క్రీడల్లో 41 ఏళ్ళ వయసులో మారథాన్ రజత పతకం గెలిచారు. పరిగెత్తిన ప్రతి మైలుకూ ఒక రోజు చొప్పున కఠినమైన శిక్షణకూ రేసులకూ దూరంగా ఉండాలన్న ఆయన నియమాన్ని రన్నర్లు నేటికీ చెప్పుకుంటారు. ఆ లెక్కన ఫుల్ మారథాన్‌కు 26 రోజులు, హాఫ్‌కు 13 రోజులు, పది కిలోమీటర్ల పరుగుకు ఆరు రోజులు అవుతాయి. ఇది ప్రయోగశాలలో తేలిన లెక్క కాకపోయినా, నలభై దాటాక కూడా అంతటి స్థాయిలో పరిగెత్తిన మనిషి అనుభవం కాబట్టి నేను దీన్ని గౌరవిస్తాను. ఈ గడువులో పరుగు మానేయనవసరం లేదు. వేగవంతమైన పరుగులు, కొండలెక్కే పరుగులు, కొత్త రేసు మాత్రం ఉండకూడదు. విశాఖలో గానీ మరోచోట గానీ శీతాకాలంలో జరిగే రేసులకు పేరు నమోదు చేసుకునే ముందు ఈ రోజులను క్యాలెండర్‌లో కొట్టివేసి, మిగిలిన వారాలు శిక్షణకు సరిపోతాయో లేదో చూసుకోవాలి.

తర్వాతి ఆదివారం మీ బృందం రెండు గంటల పరుగుకు బయలుదేరితే మొదటి ఇరవై నిమిషాలు మాత్రమే వారితో పరిగెత్తి ఆపేయండి. రెండో వారంలో పరిగెత్తే మొత్తం దూరం, రేసుకు సిద్ధమవుతున్న రోజుల్లో వారానికి పరిగెత్తిన దూరంలో సగానికి మించకూడదు.