నోటీసు వచ్చిందా? ముందు సెక్షన్ చూడండి

బెంగళూరు కె.ఆర్.పురంలో మాకో హార్డ్‌వేర్ కొట్టుంది. భూసేకరణలో ముందువైపు పదమూడు అడుగులు పోతాయని నోటీసొస్తే, మడిచి గల్లాపెట్టెలో పడేశాను. తొమ్మిది రోజులు అలాగే పోయాయి. మీరు అందిన తేదీ దాని మీదే రాసి, కవరుతో సహా దాచండి.

గడువంతా సెక్షన్‌ను బట్టే. కేఐఏడీబీ (కర్ణాటక పారిశ్రామిక ప్రాంతాల అభివృద్ధి మండలి) 1966 చట్టం 28వ సెక్షన్ అయితే నోటీసు అందాక 30 రోజుల్లో అభ్యంతరం చెప్పాలి. జాతీయ రహదారుల చట్టమైతే గెజిట్‌లో వచ్చినప్పటి నుంచి 21 రోజులే. 2013 భూసేకరణ చట్టం 11వ సెక్షన్ అయితే 60. పక్కింటాయనకు రెండు నెలలిచ్చారు కదా అని కూర్చుంటే అంతే సంగతులు.

అభ్యంతరం కాగితం మీదే ఇవ్వండి, నకలుపై ముద్ర వేయించుకోండి. మాది మా అబ్బాయి రాశాడు. నాకు ముప్పై ఏళ్లుగా కన్నడం నోటికొచ్చింది గానీ చేతికి రాలేదు.

అసలు పోరాటం డబ్బు దగ్గర. గైడెన్స్ వాల్యూ, అంటే రిజిస్ట్రేషన్ కోసం సర్కారు కట్టిన ధర, చూపించి ఇంతే అంటారు. 2013 చట్టం ప్రకారం గత మూడేళ్లలో చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాల్లో ఎక్కువ ధర పలికిన సగం తీసుకుని, వాటి సగటు కూడా లెక్కగట్టాలి. ఏది ఎక్కువైతే అదే ధర. కట్టడాల విలువ కలిపాక దాని మీద నూరు శాతం సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు ఇచ్చే ఊరట సొమ్ము) అదనం. కాబట్టి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇరుగుపొరుగు సేల్‌డీడ్ల సర్టిఫైడ్ కాపీలు తీయించండి. నేను ఐదు తీయిస్తే మూడు పనికొచ్చాయి. ఇల్లు సగమే పోతుంటే, మొత్తం తీసుకోమని 94వ సెక్షన్ కింద అడగొచ్చు.

పెరిగిన సొమ్ములో వాటా అడిగే లాయరు దగ్గరికి వెళ్లకండి. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అది నిషిద్ధం. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు దొరుకుతారు. సిద్దయ్య రోడ్డులో న్యాయ సేవల ప్రాధికార ఆఫీసున్న న్యాయ దేగుల భవనంలో అడగండి.

చెక్కు తీసుకునేటప్పుడు రసీదు మీద ‘అండర్ ప్రొటెస్ట్’ (ఒప్పుకోకుండానే తీసుకుంటున్నా) అని రాయండి. అవార్డు, అంటే పరిహారం ఎంతో తేల్చే ఉత్తర్వు, ఇచ్చిన రోజు మీరక్కడే ఉంటే, పెంచమని ఆరు వారాల్లో 2013 చట్టం 64వ సెక్షన్ అర్జీ పెట్టాలి. మా పెదనాన్న కొడుకు హోస్కోటెలో ఆ రెండు మాటలు రాయకుండా సంతకం గీకేశాడు. వాడికి మిగిలింది 73వ సెక్షన్ ఒక్కటే: అదే నోటిఫికేషన్‌లో మరొకరికి పెంచితే, మూడు నెలల్లో తనకూ పెంచమని అడగొచ్చు. ఇప్పుడు పక్కపొలాల వాళ్ల కేసు నంబర్లన్నీ వాడి డైరీలో ఉన్నాయి.