.22 బోల్ట్ యాక్షన్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు: గోదావరి జిల్లాల వారికి దరఖాస్తు విధానం

ఆయుధ లైసెన్సు ఫారంలో రెండు గడులు ఒకదానికొకటి పొసగాలి. ఏ ఆయుధం కావాలి అన్నది ఒకటి, ఎందుకు కావాలి అన్నది మరొకటి. అవి పొసగకపోతే మిగతా కాగితాలు ఎంత పక్కాగా ఉన్నా ఫైలు కదలదు. చాలామంది ఆయుధం దగ్గర ‘రైఫిల్’ అని మాత్రం రాసి, కారణం దగ్గర ‘ఆత్మరక్షణ, క్రీడ’ అని రెండూ కలిపేస్తారు. ఆత్మరక్షణ అన్న మాట పడిందంటే మీకు ఎవరి వల్ల ప్రాణహాని ఉందో విచారణలో తేలాలి. సరదాగా గురి సాధన చేద్దామనుకునే వారికి ఆ ప్రశ్నతో పనేలేదు. అందుకే రైఫిల్ ఎంపిక ముందు, ఫారం తర్వాత.

1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్‌లో ఇలాంటి వారికోసమే ఒక దారి ఉంది. కేంద్ర ప్రభుత్వ లైసెన్సు లేదా గుర్తింపు ఉన్న రైఫిల్ క్లబ్బులో గానీ, రైఫిల్ అసోసియేషన్‌లో గానీ సభ్యులై, గురి సాధన కోసం .22 (గొట్టం లోపలి కొలత 0.22 అంగుళం) రైఫిల్ కోరేవారిని ఆ సెక్షన్ విడిగా పేర్కొంది. మీ దరఖాస్తు నిలబడేది ఈ సభ్యత్వం మీదే. క్లబ్బు ఇచ్చే ధ్రువపత్రంలో మీరు ఎప్పటి నుంచి సభ్యులో, ఏ రేంజిలో సాధన చేస్తారో, క్లబ్బు గుర్తింపు వివరాలేమిటో ఉండాలి. ‘ఫలానా వారు మా సభ్యులు’ అని ఒక్క వాక్యం రాసిన ఉత్తరం చాలదు.

వయసు 21 నిండాలి. అంతకంటే చిన్నవారు, 12 ఏళ్లు దాటినవారు, పర్యవేక్షణలో క్లబ్బు ఆయుధాలతో శిక్షణ పొందవచ్చు. కాలేజీలో ఎన్‌సీసీ చేసి .22 పేల్చినవారికి ఈ రైఫిల్ పరిచయమే, అయినా ఆ అనుభవం సభ్యత్వానికి బదులు కాదు. ఇంకా మనసు నిలవనివారు 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్‌తో మొదలుపెట్టడం మంచిది. శక్తి 20 జౌళ్లు మించకపోతే దానికి లైసెన్సు అక్కర్లేదు. 10 మీటర్ల దూరంలో ఆరు నెలలు దానితో సాధన చేసిన వారికి, తర్వాత ఏ రైఫిల్ కావాలో అడిగితే సూటిగా జవాబు వస్తుంది.

ఏ రైఫిల్ రాయాలి

ఫారంలో ‘.22’ అని వదిలేయకండి. ‘.22 లాంగ్ రైఫిల్, రిమ్‌ఫైర్, బోల్ట్ యాక్షన్’ అని పూర్తిగా రాయండి. రిమ్‌ఫైర్ అంటే పిన్ను తూటా అడుగు అంచుకు కొట్టే రకం. .22 మాగ్నమ్ అని మరొకటి ఉంది. దాని తూటా పొడవు, వేగం ఎక్కువ, చాంబరు (గొట్టంలో తూటా కూర్చునే చోటు) వేరు. 50 మీటర్ల గురి పోటీలకు అది పనికిరాదు. బోల్ట్ యాక్షన్ అనడానికీ కారణం ఉంది. ఒక్కో తూటాకు చేత్తో బోల్టు (చాంబరును మూసే, తెరిచే కడ్డీ) లాగాలి కాబట్టి తొందరపాటు ఉండదు. బోల్టు తెరిచి ఉంచితే చాంబరు ఖాళీగా ఉందని రేంజి అధికారికి దూరం నుంచే కనిపిస్తుంది.

ఇక బరువు. పోటీ రైఫిళ్లకు అంతర్జాతీయ నిబంధన 8 కిలోల వరకు అనుమతిస్తుంది. అంత బరువు మోస్తూ సరదా సాధన చేయడం కష్టం. దుర్భిణీ (గురి చూసే టెలిస్కోప్) లేకుండా రెండున్నర నుంచి మూడు కిలోల రైఫిల్ చాలామందికి సరిపోతుంది. మరీ తేలిక కూడా మేలు కాదు, ఇక్కడే కొత్తవారు పొరపాటు పడతారు. రైఫిల్ తేలికయ్యేకొద్దీ ఊపిరి, గుండె చప్పుడు, వేలి లాగుడు అన్నీ గొట్టం కొసలో కనిపిస్తాయి. రెండున్నర కిలోల రైఫిల్‌కు ట్రిగ్గర్ కూడా రెండున్నర కిలోల లాగుడు కోరితే, వేలు ట్రిగ్గర్‌తో పాటు రైఫిల్‌నే పక్కకు కదుపుతుంది. తేలిక రైఫిల్ కొనేటప్పుడు ట్రిగ్గర్ ఒకటి నుంచి ఒకటిన్నర కిలోల మధ్య తెగేలా, మధ్యలో గరగర లేకుండా ఉందో లేదో చూడాలి. గొట్టం పొడవు కంటే ఇదే ముఖ్యం.

గొట్టం 18 నుంచి 20 అంగుళాలు చాలు. .22 తూటాలోని కొద్దిపాటి మందు దాదాపు ఆ పొడవులోనే పూర్తిగా కాలిపోతుంది, ఆపైన పెంచితే వేగం పెరగదు. దుర్భిణీ లేకుండా ఇనుప సైట్లతో గురి పెట్టేవారికి మాత్రం ముందు వెనక సైట్ల మధ్య దూరం ఎక్కువగా ఉండడం లాభం, వారు కాస్త పొడుగు గొట్టం ఎంచుకోవచ్చు. దుర్భిణీ పెట్టేవారు అది 50 మీటర్లకు సరిచేసినదో కాదో అడగాలి. పెద్ద రైఫిళ్ల కోసం 100 మీటర్లకు సరిచేసిన దుర్భిణీలో కన్ను కాస్త జరిగితే గురి కూడా జరుగుతుంది. దుర్భిణీ బిగించే పట్టాలు కూడా రకరకాలు. చాలా .22 రైఫిళ్ల మీద 11 మిల్లీమీటర్ల గాడి ఉంటుంది, దానికి తగిన క్లాంపులే కొనాలి.

బట్ (భుజానికి ఆనే వెనక భాగం) పొడవు చూడ్డానికి సులువైన పద్ధతి ఉంది. మోచేయి మడిచి, బట్‌ను మోచేతి మడతలో ఆనించి, చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌ను అందుకుంటోందో లేదో చూడండి. అందకపోతే పొడుగు ఎక్కువ. ఎడమచేతి వాటం వారు ఎడమ బోల్టు రైఫిల్ ఎక్కడ దొరుకుతుందో ముందే తెలుసుకున్నాకే ముందుకెళ్లాలి.

కర్రా, ప్లాస్టిక్కా అన్న ప్రశ్నకు మా సమాధానం స్పష్టం: కాలవలు, చెరువులు, సముద్రపు గాలి మధ్య ఉండేవారికి సింథటిక్ స్టాక్ (గొట్టాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ చట్రం) మేలు. జులై నుంచి అక్టోబరు దాకా తేమకు కర్ర ఉబ్బి గొట్టాన్ని తాకుతుంది, వారం కిందట సరిచేసిన గురి ఈ వారం పక్కకు పోతుంది. కర్ర రైఫిలే కావాలంటే ఒక కరెన్సీ నోటు తీసుకుని గొట్టానికీ కర్రకూ మధ్య ముందు నుంచి వెనక్కి జరపండి. ఎక్కడా అడ్డుపడకుండా వెళితే ఫరవాలేదు.

సాధారణ సభ్యులు విదేశీ రైఫిల్‌ను నేరుగా దిగుమతి చేసుకోలేరు, ఆ వెసులుబాటు గుర్తింపు పొందిన షూటర్లకే. కాబట్టి దేశీయంగా తయారైన రైఫిల్, లేదా లైసెన్సున్న మరొకరి దగ్గరి పాత రైఫిల్, ఈ రెండిటిలోనే మీ ఎంపిక ఉంటుంది.

తూటాల లెక్క

లైసెన్సులో తూటాలకు రెండు అంకెలు ఉంటాయి: ఒకేసారి దగ్గర ఉంచుకోగలిగినవి ఎన్ని, ఏడాదిలో కొనగలిగినవి ఎన్ని. అడగకపోతే తక్కువ అంకె పడుతుంది, తర్వాత పెంచుకోవడానికి మళ్లీ దరఖాస్తే. 60 తూటాల సాధనకు, ముందు గురి సరిచూసుకోవడంతో కలిపి, సుమారు 80 పోతాయి. నెలకు రెండుసార్లయితే ఏడాదికి 1900 పైచిలుకు. ఈ లెక్కను క్లబ్బు ఉత్తరంలోనే రాయించి జతచేయండి. మామూలు వేగం తూటాలే అడగండి. 40 గ్రెయిన్ల (సుమారు 2.6 గ్రాముల) సీసం గుండు, సెకనుకు దాదాపు 325 మీటర్ల వేగం. ఇది ధ్వని వేగం లోపే ఉంటుంది కాబట్టి గుండు నిలకడగా వెళుతుంది. హైవెలాసిటీ రకం ధ్వని వేగం దాటి బయల్దేరి, దారిలో ఆ వేగం దగ్గరికి తగ్గేటప్పుడు ఊగుతుంది.

ఫారం, కాగితాలు

దరఖాస్తు ఫారం ఏ-1. ఆన్‌లైన్‌లో కేంద్ర హోం శాఖ ఆయుధ లైసెన్సుల పోర్టల్ ఎన్‌డీఏఎల్–ఏఎల్‌ఐఎస్ ద్వారా నింపాలి. పుట్టినతేదీ, గుర్తింపు, నివాస ధ్రువీకరణలు, తెల్లని బ్యాక్‌గ్రౌండ్ ఉన్న ఫొటోలు, శారీరక మానసిక ఆరోగ్య ధ్రువపత్రం, ఆయుధాన్ని భద్రంగా ఉంచుతామన్న హామీపత్రం, క్లబ్బు ధ్రువపత్రం జతచేయాలి. ఫీజు పోర్టల్ చూపినంత. నింపిన ఫారం నకలు, రసీదు దాచుకోండి.

మన దగ్గర ఎక్కువ ఫైళ్లు ఆగేది చిరునామా దగ్గర. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అమలాపురం, రావులపాలెం వైపు వారు ఇప్పుడు కోనసీమ జిల్లా. భీమవరం, పాలకొల్లు, నరసాపురం పశ్చిమ గోదావరిలో ఉన్నా, ఆ జిల్లాకు కేంద్రం ఇప్పుడు ఏలూరు కాదు, భీమవరం. ఆధార్‌లో మాత్రం చాలామందికి పాత జిల్లా పేరే ఉంది. దరఖాస్తు పాత జిల్లా ఎంచుకుని పంపితే అది వేరే కలెక్టరేట్‌కు వెళ్లి, అక్కడి నుంచి తిరిగి వచ్చేసరికి నెలలు గడుస్తాయి. ముందు ఆధార్‌లో జిల్లా, మండలం సరిచేయించండి, మీ ఇల్లు ఏ పోలీస్ స్టేషన్ పరిధిలోదో కనుక్కోండి. ఊరు ఇక్కడ, ఉద్యోగం హైదరాబాద్‌లో అయినవారు నిజంగా నివసించే చోటి నుంచే దరఖాస్తు చేయాలి. విచారణకు వచ్చిన రోజు ఇంట్లో తాళం కనిపిస్తే నివేదిక అక్కడితో ఆగుతుంది.

రెండో చిక్కు పాత కేసులు. శిక్షలు, బాండ్ల గురించి ఫారం అడుగుతుంది. సంక్రాంతికి ముందు కోడిపందేల పేరుతో బైండోవర్ అయినవారు (సత్ప్రవర్తన బాండు రాసినవారు) దాన్ని కేసుగా లెక్కించక ‘లేదు’ అని రాస్తుంటారు. శాంతిభద్రతల కోసం రాయించుకున్న బాండు అమల్లో ఉన్నంతకాలం చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఆయుధం ఉంచుకోవడానికి వీల్లేదు. గడువు తీరిపోయినా దాచకండి, తేదీలతో సహా రాయండి. స్టేషన్ రికార్డులో అది ఎలాగూ ఉంటుంది. దాచినట్టు తేలితే, బైండోవర్ కంటే అబద్ధమే పెద్ద కారణమవుతుంది.

విచారణ

స్టేషన్ నుంచి వచ్చేవారు ఇరుగుపొరుగును అడుగుతారు, ఆయుధం ఎక్కడ పెడతారో చూస్తారు. గోడకు బిగించిన ఇనుప బీరువా ముందే ఉండాలి, ‘లైసెన్సు వచ్చాక కొంటాం’ అనకండి. రైఫిల్ ఒక అరలో, బోల్టు మరో తాళంలో, తూటాలు ఇంకోచోట పెట్టే ఏర్పాటు చూపించండి. నివేదిక ఎస్పీ ద్వారా కలెక్టరేట్‌కు వెళుతుంది. దానికి నియమాల్లో గడువు ఉంది. ఆ గడువులో నివేదిక రాకపోయినా లైసెన్సింగ్ అధికారి నిర్ణయం తీసుకోవచ్చని చట్టమే చెబుతోంది. ఆలస్యమైతే రసీదు నంబరుతో మెజిస్టీరియల్ వ్యవహారాలు చూసే సెక్షన్‌లో అడగండి, అక్కడా తేలకపోతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో రాతపూర్వకంగా ఇవ్వండి. తిరస్కరిస్తే కారణాలు రాసిన ఉత్తర్వు నకలు అడిగి తీసుకుని, 30 రోజుల్లో అప్పీలు చేసుకోవాలి.

కొనడం, నమోదు

లైసెన్సు మీద మీ విశిష్ట గుర్తింపు సంఖ్య, ఆయుధ రకం, చెల్లుబాటయ్యే ప్రాంతం సరిగ్గా ఉన్నాయో లేదో అక్కడే చదువుకోండి. మీరు సాధన చేసే రేంజి పక్క రాష్ట్రంలో ఉంటే ప్రాంతం గడి చాలా ముఖ్యం.

పాత రైఫిల్ కొనేటప్పుడు అమ్మేవారు 45 రోజుల ముందు జిల్లా మెజిస్ట్రేటుకు గానీ, స్టేషన్‌కు గానీ రాతపూర్వకంగా తెలపాలి. ఆ గడువు తీరకుండా డబ్బు, రైఫిల్ చేతులు మారితే ఇద్దరిదీ నేరమే. రైఫిల్ మీది నంబరు అమ్మేవారి లైసెన్సుతో అంకె అంకెకూ కలవాలి. గొట్టం కొసన గీత, గంటు ఉంటే గురి చెదురుతుంది. బోల్టు తీసి, వెనక నుంచి వెలుతురు పట్టి లోపల చూడండి. నల్లటి చుక్కలు కనిపిస్తే అవి తుప్పు తిన్న గుంటలు, తుడిస్తే పోవు. చాంబరు అంచున చిన్న సొట్ట ఉంటే ఖాళీ రైఫిల్ ట్రిగ్గర్ ఊరికే నొక్కుతూ వాడారని అర్థం. రిమ్‌ఫైర్ పిన్ను తూటా అంచుకు కొట్టేలా ఉంటుంది, తూటా లేకపోతే నేరుగా చాంబరు ఉక్కుకే తగులుతుంది. ఆ సొట్ట వల్ల తూటాలు ఇరుక్కుంటాయి.

కొన్నాక లైసెన్సులో రాసిన గడువులోగా రైఫిల్ చూపించి నంబరు నమోదు చేయించుకోవాలి.

ఈ లైసెన్సు రేంజికే. కొబ్బరితోటలో డబ్బాలు పెట్టి పేల్చడానికి, కొల్లేటి పక్షుల మీదకు ఎత్తడానికి కాదు. ఆ చిన్న గుండు కిలోమీటరు పైగా వెళుతుంది. పెళ్లి ఊరేగింపులో, జాతరలో గాల్లోకి కాల్చి ఎదుటివారి ప్రాణానికి ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి.

తోలు సంచిలో రైఫిల్ దాచకండి, తోలు తేమను పట్టి ఉంచుతుంది. వానాకాలంలో వారానికోసారి పలచగా నూనె పట్టించి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు మార్చాలి. లంక గ్రామాల వారు వరద హెచ్చరిక రాగానే ఏం చేయాలో ముందే అనుకోవాలి. నీళ్లు వచ్చాక బీరువా తెరిచే వీలుండదు. ముందుగానే స్టేషన్‌లో గానీ, భద్రపరిచే అనుమతి ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోవచ్చు. ఎన్నికల వేళ డిపాజిట్ చేయమన్న ఆదేశం వస్తే క్లబ్బు ఉత్తరంతో మినహాయింపు కోరవచ్చు, అది మంజూరయ్యేదాకా ఆదేశం పాటించాలి.

ఇల్లు మారితే 30 రోజుల్లో తెలపాలి. లైసెన్సు 2019 సవరణ తర్వాత ఐదేళ్లు చెల్లుతుంది. గడువుకు కనీసం రెండు నెలల ముందే రెన్యువల్ పెట్టండి, ఆ దరఖాస్తుతో రేంజి హాజరు పుస్తకం నకలు కూడా జతచేయండి.