డెలివరీ వాల్వు తిప్పితే పంపు కరెంటు ఎంత మారుతుంది: మీరే కొలిచి చూసే పద్ధతి

పంపు నుంచి నీరు బయటికి వెళ్లే పైపు మీది డెలివరీ వాల్వును కొంత మూస్తే మోటారుకు లోడు పెరిగి కరెంటు ఎక్కువ లాగుతుందని చాలామంది నమ్ముతారు. చక్రం తిప్పి నీటిని బయటికి నెట్టే సెంట్రిఫ్యూగల్ పంపులో జరిగేది అందుకు విరుద్ధం. ఆ చక్రం, అంటే ఇంపెల్లర్ గుండా పోయే నీరు తగ్గేకొద్దీ ఆంపియర్లు తగ్గుతాయి, పెరిగేకొద్దీ పెరుగుతాయి. అయితే ఆంపియర్లు తగ్గినంత మాత్రాన బిల్లు తగ్గదు. రైవాడ, తాటిపూడి జలాశయాల నీరు విశాఖలోని మన సంపు దాకా వచ్చినా, అక్కడి నుంచి మేడ మీదికి ఎక్కించే ఖర్చు మనదే కనుక, చూడవలసింది వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు అవుతున్నాయన్నదే.

కొలతకు టేపు, గడియారం, కరెంటు మీటరు చాలు. లిఫ్టు, మెట్ల దీపాలు వంటి ఆ మీటరు మీది మిగతా లోడంతా ఆపించి, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఇళ్లకు వెళ్లే వాల్వు కట్టి, పంపు వేయండి. ట్యాంకు లోపలి కొలత 3 మీటర్లు, 2 మీటర్లు అయితే నీటిమట్టం 20 సెంటీమీటర్లు లేచేసరికి 1,200 లీటర్లు ఎక్కినట్టు. అందుకు పట్టిన సమయం రాసుకోండి. ఈలోగా కింద మరొకరు మీటరులోని ఎర్ర దీపం 50 సార్లు మెరవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. యూనిట్‌కు ఎన్ని మెరుపులో మీటరు మీదే ఉంటుంది. అది 1,600 అయి, 50 మెరుపులకు 55 సెకన్లు పడితే పంపు సుమారు 2.05 కిలోవాట్లు తీసుకుంటోందని లెక్క. తీగ చుట్టూ పట్టి ఆంపియర్లు చూసే టాంగ్ టెస్టర్ ఒక్కదాన్నే నమ్మవద్దు. లోడు తగ్గితే పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికి వచ్చే వంతు) కూడా పడిపోతుంది కనుక, ఆంపియర్లు తగ్గినదానికంటే వాట్లు ఎక్కువగా తగ్గుతాయి.

స్టిల్టు మీద అయిదంతస్తుల భవనానికి సంపు అడుగు నుంచి ట్యాంకు దాకా 24 మీటర్ల ఎత్తు, పైపుల్లో రాపిడికి మరో 6 మీటర్లు అనుకుందాం. గంటకు 10,000 లీటర్లు ఎక్కించడానికి నీటికి అందవలసిన శక్తి 818 వాట్లు. పంపు సామర్థ్యం 50 శాతం, మోటారుది 80 శాతం అయితే మీటరు మీద పడేది పైన చెప్పిన 2.05 కిలోవాట్లే, అంటే వెయ్యి లీటర్లకు సుమారు 0.2 యూనిట్. వాల్వు బిగించి ప్రవాహాన్ని సగానికి తెస్తే కిలోవాట్లు 1.75 దగ్గరికి దిగవచ్చు, కానీ వెయ్యి లీటర్లకు 0.35 యూనిట్ అవుతుంది. పంపు పుట్టించిన ఒత్తిడిలో కొంత భాగం ఆ వాల్వు దగ్గరే వృథా కావడం, పంపు సామర్థ్యం కూడా పడిపోవడం ఇందుకు కారణం.

దీనికి మరో వైపు ఇంకా ప్రమాదకరం. సీతమ్మధార వంటి ఎత్తుపల్లాల చోట పొడవైన భవనానికి కొన్న ఎక్కువ హెడ్ (నీటిని ఎత్తగల ఎత్తు) పంపును తీసి రెండంతస్తుల ఇంటికి బిగిస్తే, ఎత్తు తక్కువ కనుక మోటారుకు తేలికని అనుకోకూడదు. అడ్డు తగ్గినకొద్దీ ప్రవాహం పెరిగి, నేమ్‌ప్లేటు మీది గరిష్ఠ ఆంపియర్లు దాటి, వైండింగ్ కాలిపోవచ్చు. హెడ్ రేంజి చూసుకోకుండా పంపు మార్చవద్దు. తప్పనిసరైతే వాల్వు కొంత బిగించి ఆంపియర్లను హద్దులో ఉంచండి.

వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) పెడితే ఖర్చు సగమవుతుందనే మాటను కూడా పరీక్షించి చూడాలి. 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే ఒత్తిడి 64 శాతానికి పడుతుంది. వాల్వు పూర్తిగా మూసినప్పుడు 38 మీటర్లు చూపే పంపు ఇప్పుడు 24.3 మీటర్లే ఇస్తుంది కనుక మన 24 మీటర్ల ట్యాంకులోకి నీరు దాదాపు ఎక్కదు. ట్యాంకు నింపే పనికి సరైన హెడ్ గల పంపును పూర్తి వేగంతో నడిపి ఆపేయడమే నా దృష్టిలో మేలు.

ప్రయోగంలో పంపులోకి నీరు వచ్చే సక్షన్ వైపు వాల్వును ఎన్నడూ బిగించవద్దు, ఇంపెల్లర్ దెబ్బతింటుంది. డెలివరీ పూర్తిగా మూసి నిమిషానికి మించి నడపవద్దు, లోపలి నీరు వేడెక్కుతుంది. ఇళ్లలోని చిన్న సెల్ఫ్ ప్రైమింగ్ పంపులు చాలావరకు వేరే రకానివి; వాటిలో వాల్వు మూస్తే లోడు నిజంగానే పెరుగుతుంది, కాబట్టి వాటిపై ఈ ప్రయోగం చేయకండి. వెయ్యి లీటర్లకు అయిన యూనిట్లను మూడు నెలలకోసారి పుస్తకంలో రాసి ఉంచండి. వాల్వు కదపకుండానే ఆ అంకె పెరిగితే ముందు సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వు జల్లెడను, తర్వాత ఇంపెల్లర్ అరుగుదలను చూడండి.